పాలకు పరీక్ష ఉంది, బిల్లుకు గడువేదీ?

పొద్దున ఆరింటికి తలుపు తీసేసరికి గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు పడి ఉండాలి. లేకపోతే మా ఇంట్లో ఎవరి పనీ ముందుకు సాగదు. మావారికి చాయ్ పడనిదే పేపరు చేతికెక్కదు. అత్తయ్యగారికి మధ్యాహ్నం పెరుగు గడ్డగా తోడుకోవాలి, నీళ్లుగా ఉందంటే ఆ రోజంతా ఆవిడ మొహం ముడుచుకునే ఉంటుంది. అందుకే ఆ మధ్య లీటరు మీద రెండు రూపాయలు పెరిగిందని తెలిసిన రోజు ప్యాకెట్లు వేసే అబ్బాయి మీద గయ్యిమన్నాను. పాపం వాడేం చేస్తాడు? అయినా ఊరుకుంటామా! పక్కింటావిడా నేనూ గోడకు అటొకరం ఇటొకరం నిలబడి అరగంట సేపు పాల కంపెనీలనూ ప్రభుత్వాన్నీ రైతులనూ కలిపి దులిపేశాం. "పల్లెల్లో వాళ్లకేమండీ, ఇంట్లో పాడి, చేతి నిండా డబ్బు" అన్నది ఎవరనుకున్నారు? నేనే. నాకూ ఒక పుట్టిల్లుందనీ, అక్కడ మా వదిన మూడు బర్రెలతో వేగుతోందనీ ఆ అరగంటా గుర్తే రాలేదు.

ఆ వారంలోనే ఒక శుభకార్యానికని మా అన్నయ్య వాళ్ల ఊరు వెళ్లాను. హన్మకొండ నుంచి బస్సులో రెండు గంటల ప్రయాణం. రాత్రి భోజనాలయ్యాక వదిన గూట్లోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసి, "దీన్ల లెక్క జరంత చూడు, నాకు సమజైతలేదు" అంది. అది పాల పుస్తకం. తేదీ, పొద్దున, సాయంత్రం, లీటర్లు, ఫ్యాటు, ఎస్.ఎన్.ఎఫ్., రేటు... గళ్లు గళ్లుగా బాల్‌పెన్ను రాత. పదిహేను రోజులకొకసారి కింద గీత గీసి మొత్తం వేస్తారు. ఆ మొత్తాల పక్కన డబ్బు ముట్టినట్టు టిక్కు పెడతారట. చివరి నాలుగు మొత్తాల పక్కన టిక్కు లేదు.

నాలుగు బిల్లులంటే రెండు నెలలు. రోజుకు పది లీటర్లు, లీటరుకు సగటున 45 రూపాయలు వేసుకున్నా 27,000 రూపాయలు. మనకిది పెద్ద మొత్తం కాదనిపించవచ్చు. కానీ పెద్దమ్మాయి నర్సింగు కాలేజీ హాస్టలు ఫీజు అందులోంచే కట్టాలి. దాణా కొట్టు బాకీ అందులోంచే తీరాలి. ఆ బాకీకి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. వదిన తన బాకీకి వడ్డీ కడుతోంది, తనకు రావలసిన బాకీ మీద మాత్రం పైసా వడ్డీ లేదు. ఇదెక్కడి లెక్కో నాకూ 'సమజ్' కాలేదు.

"మరి అక్కడ పాలు పోయడం మానెయ్యకపోయావా?" అన్నాను తెలివిగా.

"బంద్ చేస్తే పాత బిల్లులు మునుగుతయని భయం. పోస్తుంటే ఇంకింత బాకీ ఎక్కుతదని భయం. అడిగితే ఆ పిలగాడు మీదికెల్లి రాలేదంటడు. ఆనిదీ మా ఊరే. ఆన్ని ఎంతని తిడతం?"

ఆ డెయిరీ పేరు నేను రాయడం లేదు. ఒక్క డెయిరీ పేరు రాసి దాన్ని దోషిగా నిలబెడితే మిగతా వాళ్లంతా సవ్యంగా ఉన్నట్టే అవుతుంది. నా గోడు అది కాదు.

మర్నాడు తెల్లవారుజామున వదినతో పాటు నేనూ లేచాను. టైము నాలుగున్నర. పేడ తీసి, కుడితి పెట్టి, పొదుగు కడిగి, దుడ్డెను విడిచి చేపుకొచ్చాక పాలు పిండి, క్యాను మూత బిగించేసరికి ఆరు కావస్తోంది. ఆ టైముకు నేను ఇక్కడ గేటు తీసి ప్యాకెట్లు రాలేదేమని విసుక్కుంటూ ఉంటాను. కేంద్రంలో ఆడవాళ్లే ఎక్కువమంది వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి పాలలోంచి చిన్న డబ్బాలో కాసిని తీసి మిషనులో పెడతారు. అర నిమిషంలో ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలే ఆ పూట కూలి. ఆ తీసిన శాంపిలు పాలు మళ్లీ క్యానులోకి రావు. "అవేం చేస్తారు?" అని అడిగితే వరసలో ఒకావిడ నవ్వి ఊరుకుంది.

మీలో ఎంతమందికి తెలుసో గానీ, రైతు దగ్గర పాలను లీటరింతని గంపగుత్తగా కొనరు. పాలలో వెన్న ఎంత, వెన్న కాకుండా మిగిలిన గట్టి పదార్థం ఎంత అని చూసి కొంటారు. ఆ రెండోదే ఎస్.ఎన్.ఎఫ్. మాంసకృత్తులు, పాలలో ఉండే చక్కెర, ఖనిజ లవణాలు ఇవన్నీ కలిపి. అది తగ్గితే నీళ్లు కలిశాయని అనుమానం. పద్ధతి మంచిదే. నీళ్లు కలిపినవాడికీ కలపనివాడికీ ఒకే ధర ఇస్తే నిజాయితీగా పోసేవాళ్లే నష్టపోతారు. చిక్కంతా ఆ అంకెను చూసేది ఎవరు, సరిచూసేది ఎవరు అన్న దగ్గరే వస్తుంది.

లెక్క చూడండి. వెన్న కిలోకు 800 రూపాయల చొప్పున ధర కడుతున్నారనుకుందాం. 6 శాతం వెన్న ఉన్న కిలో పాలలో 60 గ్రాముల వెన్న ఉంటుంది కాబట్టి 48 రూపాయలు రావాలి. మిషను 5.5 అని చూపిస్తే 44 వస్తుంది. అర పాయింటుకు నాలుగు రూపాయలు! రోజుకు పది కిలోలకు 40, నెలకు 1,200. ఆ మిషను ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారు అని వదిన అడగగలదా? ఇంకొక మతలబు ఉంది. లీటరు పాలు తూస్తే కిలో ఉండవు, కిలో మీద దాదాపు ముప్ఫై గ్రాములు ఎక్కువే తూగుతాయి. పోసుకునేటప్పుడు లీటర్లలో కొలిచి, కిలోల రేటు లెక్కగట్టి ఇస్తే నూరు లీటర్లకు మూడు కిలోల పాలు ఊరికే పోయినట్టు. నేను డిగ్రీ చదివానన్న మాటే గానీ, ఈ సంగతి మా వదిన పుస్తకం చూసేదాకా నాకు తట్టలేదు.

ఇంటికొచ్చాక ప్యాకెట్టును మొదటిసారి తిప్పి చదివాను. టోన్డ్ పాలంటే వెన్న 3 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం ఉండాలి. స్టాండర్డైజ్డ్ అంటే వెన్న 4.5. ఫుల్ క్రీమ్ అంటే వెన్న 6, ఎస్.ఎన్.ఎఫ్. 9. డబుల్ టోన్డ్ అయితే వెన్న 1.5 చాలు. అంటే వదిన పోసే చిక్కటి బర్రె పాలలోంచి తీసిన వెన్నే నెయ్యిగా విడిగా నా వంటింటికి వస్తోంది. ఇందులో మోసమేమీ లేదు, చట్టం ఒప్పుకున్న కొలతలే ఇవి. కొనేటప్పుడు దశాంశ స్థానం వరకూ చూసే శ్రద్ధ, డబ్బు ఇచ్చేటప్పుడు ఏమవుతోందనేదే నా ప్రశ్న.

ఈ బాకీ సంగతి ఎవరికి చెప్పుకోవాలో కనుక్కుందామని బయల్దేరాను. కథలు రాసేవాళ్లకు కాస్త కుతూహలం ఎక్కువని మావారు ఎగతాళి చేశారనుకోండి! తెలిసినవాళ్లనూ, ఒక వకీలుగారినీ అడిగి తెలుసుకున్నది ఇదీ. పాలలో కల్తీ జరిగితే పట్టుకోవడానికి 1954 నుంచే చట్టం ఉంది. దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం వచ్చి, 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. తూకంలో, కొలతలో తేడా వస్తే 2009 నాటి తూనికలు కొలతల చట్టం ఉంది. పాల పరిశ్రమకు 1991లో లైసెన్సులు ఎత్తేసి, మళ్లీ 1992లో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. రోజుకు పదివేల లీటర్లకు మించి పాలు తీసుకునే డెయిరీలు రిజిస్ట్రేషను చేయించుకోవాలి, ఫలానా ప్రాంతంలోనే పాలు సేకరించాలి అని. ఆ ప్రాంతాల హద్దులు 2002లో తీసేశారు. మిగిలిన ఉత్తర్వు కూడా 2011లో ఆహార భద్రతా చట్టంలో కలిసిపోయింది. దాంతో ఊరూరా కేంద్రాలు వెలిశాయి. ఏ మాటకామాటే చెప్పాలి. పోటీ రావడం వల్ల రైతులకు నాలుగు గడపలు దొరికాయి, ధర కూడా కొంత పెరిగింది. అది కాదనను.

అయితే ఇన్ని చట్టాలూ పాలను చూస్తున్నాయి. పాలు పోసిన మనిషిని చూసేది ఏది? మనం తాగే పాలు పాడైతే ఫిర్యాదు చేయడానికి ఒక అధికారి ఉన్నాడు. ప్యాకెట్టులో పది మిల్లీలీటర్లు తగ్గితే ఒక అధికారి ఉన్నాడు. వినియోగదారుల ఫోరానికి వెళ్లనా అని అడిగితే, "మీ వదినగారు అక్కడ వినియోగదారు కాదమ్మా, అమ్మకందారు" అన్నారు వకీలుగారు. సివిల్ కోర్టులో దావా వెయ్యొచ్చట. 27,000 రూపాయలకు దావా, దానికి స్టాంపులు, వాయిదాలు, ఊరి నుంచి బస్సు చార్జీలు! ఆవిడ కోర్టుకు వెళ్తే బర్రెలకు గడ్డి ఎవరేస్తారు?

చెరకు సంగతి చూడండి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైతు చెరకు తోలిన 14 రోజుల్లోగా ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలి. చెరకు బకాయిలు లేవా అంటే ఉన్నాయి. రైతులు ఏటా ఎక్కడో ఒకచోట రోడ్డెక్కుతూనే ఉన్నారు. కానీ గడువు దాటిందని చూపించడానికి వాళ్ల చేతిలో ఒక అంకె ఉంది. కలెక్టరు దగ్గరికి వెళ్లి నిలదీయడానికి ఒక కాగితం ఉంది. దేశమంతటికీ వర్తించే అలాంటి ఉత్తర్వు పాలకు లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలోనూ పాలు లేవు. చెరకు నరికాక ఒకటి రెండు రోజులైనా ఆగుతుందేమో గానీ, ఎండాకాలంలో పాలు మూడు గంటలు ఆగవు కదా! బేరమాడే వ్యవధి కూడా లేని సరుకుకే గడువు లేకపోవడం ఎంత అన్యాయం.

మావారితో ఈ మాటంటే ఆయన లెక్కల మనిషి కాబట్టి వెంటనే ఎదురు ప్రశ్న వేశారు. "చట్టం పెడితే చిన్న చిన్న డెయిరీలు మూతపడతాయి. అప్పుడు మీ వదిన పాలు ఎవరికి పోస్తుంది?" కొట్టిపారేయాల్సిన మాట కాదది. పాలపొడి ధర పడిపోతే డెయిరీలకు నష్టం వస్తుంది. చలువ చేయడానికి కరెంటు, లారీలు, ప్లాస్టిక్ కవర్లు, అన్నీ ఖర్చులే. కానీ నేనొకటి అడిగాను. మనం పాలు అరువు తెచ్చుకుంటున్నామా? కొందరు నెల మొదట్లోనే కార్డుకు డబ్బు కట్టేస్తారు. కొట్లో కొనేవాళ్లు అక్కడికక్కడే ఇస్తారు. ప్యాకెట్టు మన ఇంటికి చేరేలోపే చాలామంది డబ్బు కంపెనీ దారి పట్టి ఉంటుంది. మరి అది రైతు గడప తొక్కడానికి అరవై రోజులెందుకు పట్టాలి? అన్ని రోజులూ వ్యాపారం నడుస్తున్నది ఎవరి పెట్టుబడితో? దాణాకు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టే మా వదిన పెట్టుబడితో! మావారు చాయ్ గ్లాసు కింద పెట్టి, "అదీ నిజమే" అన్నారు. పదహారేళ్ల కాపురంలో ఈ మాట నేను విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చూశాం కదా. హోటళ్లు, మిఠాయి కొట్లు మూతపడి, పాలు మిగిలిపోతున్నాయని చాలాచోట్ల రైతుకిచ్చే ధర తగ్గించారు. మీ ఇంటికొచ్చే ప్యాకెట్టు ధర తగ్గిందేమో గుర్తు చేసుకోండి. మా ఇంట్లో తగ్గలేదు. పెరిగినప్పుడు మాత్రం "రైతుకు ఎక్కువ ఇస్తున్నాం కాబట్టి" అంటారు. ఆ ఎక్కువ ఎంతో ప్యాకెట్టు మీద వేస్తే బాగుండును. వెన్న శాతం వేస్తున్నారు, కేలరీలు వేస్తున్నారు, రైతుకు ముట్టింది ఇంత అని ఇంకొక్క గీత వేయడానికి చోటుండదా? వినియోగదారు ఇచ్చే రూపాయిలో దాదాపు 80 పైసలు రైతుకే చేరుతాయని అమూల్ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మిగతావాళ్లు ఎంత ఇస్తున్నారో మనకు తెలియాలి కదా.

అసలు ఆ అమూల్ పుట్టింది కూడా ఈ గొడవలోనే. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు, తమ పాలు బొంబాయికి పోతున్నా లాభమంతా మధ్యలో వాళ్లే తింటున్నారని, 1946లో పదిహేను రోజుల పాటు పాలు పోయడం మానేశారు. అలా సంఘం పెట్టుకున్నారు. మొదలైంది ఆవు మీదా బర్రె మీదా ప్రేమతో కాదు, చేతికి రావలసిన డబ్బు కోసం. అయితే సంఘమనగానే అంతా సవ్యమని నేననను. సహకార సంఘాల్లోనూ కుర్చీలు పట్టుకు వేలాడేవాళ్లున్నారు, వాటిలోనూ బిల్లులు ఆగుతాయి. ఇక తెలంగాణలో 2014లో ప్రకటించిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం కూడా బకాయి పడిందని రైతులు ధర్నాలు చేసిన వార్తలు మనం చదివినవే. చట్టం చేయవలసిన ప్రభుత్వమే బాకీదారైతే ఎవరితో మొరపెట్టుకోవాలి?

మా వైపు నుంచే ఒక మంచి సంగతి చెబుతాను. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు పేరు వినే ఉంటారు. 1956 నాటి సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు. అక్కడ 2000 సంవత్సరంలో ఆడవాళ్లు ఒక డెయిరీ పెట్టుకున్నారు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, సర్కారు అజమాయిషీ లేకుండా నడుపుకునేది. సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లదే. 'స్వకృషి' అని వాళ్ల పాల పేరు. పాలు పోసినవాళ్లే లెక్కలు అడిగే చోట లెక్క చెప్పక తప్పదు. వదినకు ఈ సంగతి చెబితే, "ఆళ్ల బండి మా ఊరికి రాదు కదా" అంది.

అన్నట్టు, నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటుంది. ఆ పుస్తకం అట్ట మీద ఉన్న పేరు మా అన్నయ్యది. బిల్లు వచ్చినా పడేది అన్నయ్య బ్యాంకు ఖాతాలోనే. నాలుగున్నరకు లేచేది వదిన, పాలు పిండేది వదిన, వరసలో నిలబడేది వదిన. అన్నయ్య చెడ్డవాడు కాదు, తాగుడూ లేదు, జూదమూ లేదు. "ఎవరి పేరైతే ఏంది, ఇంట్లకే గదా" అంటాడు. ఇంట్లోకే అయితే వదిన పేరు ఎందుకుండకూడదు? పాల డబ్బు పాలు పిండిన మనిషి ఖాతాలోనే పడాలని ఒక నిబంధన పెడితే ఎవరి సొమ్మూ పోదు. చెప్పొద్దూ, నేనీ మాటన్నప్పుడు వదిన గిన్నెలు కడుగుతున్న చెయ్యి ఆపి నావైపు చూసింది, ఏమీ అనలేదు. అన్నయ్య మాత్రం నా మీద రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

చుట్టుపక్కల ఆడవాళ్లతో ఈ విషయం కదిపితే చాలామంది, "ముందు కల్తీ సంగతి చూడమనండి" అంటారు. యూరియా పాలు, సబ్బు పాలు అని మనకు భయం. భయం ఉండవలసిందే. కానీ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 1,103 ఊళ్లలో 6,432 నమూనాలు తీసి పరీక్షిస్తే, కల్తీ తేలినవి 12. అంతకంటే ఎక్కువగా బయటపడింది అఫ్లాటాక్సిన్ అనే విషం, 368 నమూనాల్లో. అది బూజు పట్టిన దాణా నుంచి పాలలోకి వస్తుంది. మంచి దాణా కొనడానికి చేతిలో డబ్బుండాలి. రెండు నెలలు బిల్లు ఆపేస్తే ఆ మనిషి ఏ దాణా కొంటుంది? బాకీ పెట్టిన కొట్లో ఏది దొరికితే అది. ఆ పాలే కదా మళ్లీ మన గేటుకు వేలాడేది.

నేను చట్టాలు చదివినదాన్ని కాను. నాకు తోచినదల్లా, పాలు పోసిన పదిహేను రోజుల్లో డబ్బు పడాలి, దాటితే చెరకు మాదిరే వడ్డీ కలిపి ఇవ్వాలి. పోసిన పాలకు వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., తూకం, ధర తెలుగులో అచ్చు వేసిన చీటీ అక్కడికక్కడే చేతికివ్వాలి. కేంద్రం తెరిచే ముందు డెయిరీ కనీసం నెల రోజుల పాల డబ్బుకు బ్యాంకు పూచీ చూపించాలి. గ్యాసు కనెక్షనుకు మన దగ్గర డిపాజిట్టు కట్టించుకుంటారే, ఊరందరి పాలూ పోయించుకునేవాళ్ల దగ్గర ఎందుకు కట్టించుకోరు? రెండు రూపాయలు పెరిగితే గోడ దగ్గర అరగంట మాట్లాడుకునే మనం ఈ మాట కూడా అందులో ఒక అయిదు నిమిషాలు మాట్లాడుకోవచ్చు.

వదిన నాలుగు బిల్లుల్లో ఒకటి మొన్న వచ్చింది. అదీ సగం. పాలు ఇప్పుడు వేరే కేంద్రంలో పోస్తోంది, అక్కడ ధర లీటరుకు రెండు రూపాయలు తక్కువైనా. గడిచిన సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి ఇద్దరం వెళ్లాం. దరఖాస్తు నేనే రాశాను, వదిన సంతకం పెట్టింది, పుస్తకం జిరాక్సు జతచేశాం. రసీదు ఇచ్చారు. మూడు గంటలు వరసలో నిలబడి బయటికొచ్చాక, "ఈ యాళ్లకు బర్రెలు మొత్తుకుంటుంటయ్" అని వదిన బస్టాండు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టింది. బస్సెక్కాక కిటికీలోంచి చెప్పింది. వచ్చే సోమవారం మళ్లీ వస్తుందట. ఈసారి ఆ కేంద్రంలో పాలు పోసిన ఇంకో పదకొండు మంది పుస్తకాలు కూడా పట్టుకొస్తుందట.